పొయ్యి వైపు పదో వంతు

పొద్దున్నే లేచిన థెల్మా ముందుగా పొయ్యి పక్కనున్న నూనె డబ్బాను అరచేత్తో తాకి చూసింది. అది వంటకి వాడే నూనె కాదు, విమానం ఇంజన్‌లోది. ముందు రోజు తనే దించి తెచ్చి వెచ్చగా పెట్టుకుంది. టనానా నది ఒడ్డున ఉన్న స్ప్రూస్ బెండ్ అనే పల్లెలో చలికాలం నూనెను ఇంజన్‌లోనే వదిలేస్తే తెల్లారేసరికి తారులా బిగిసిపోతుంది. ఆ వంటింట్లో కాఫీ వాసన, నూనె వాసన ముప్పై ఏళ్ళుగా కలిసి కాపురం చేస్తున్నాయి. ఇప్పుడు ఏది ఏ వాసనో విడదీసి చెప్పమంటే థెల్మా కూడా చెప్పలేదు.

కిటికీ దగ్గర ఆమె మొగుడు ఆర్విడ్ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కిటికీ అవతల రెండు థర్మామీటర్లు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి అతనిది, సెల్సియస్. రెండోది ఆమెది, ఫారెన్‌హీట్. ఆర్విడ్ సరిహద్దు అవతల, కెనడాలోని యూకాన్‌లో పుట్టి, అక్కడి వాతావరణ కేంద్రంలో పనిచేసినవాడు. కెనడా వాళ్ళు కొలతలు మార్చుకున్న కొత్తలో ఆ కొత్త డిగ్రీలను తనే కనిపెట్టినంత గొప్పగా ఇటు మోసుకొచ్చాడు. మీ దేశానికి చలిని కూడా సరిగ్గా కొలవడం చేతకాదని థెల్మా అప్పట్నుంచీ వెక్కిరిస్తూనే ఉంది.

"ఇరవై తొమ్మిది," అన్నాడతను.

"ఇరవై," అంది ఆమె, కిటికీ వైపు చూడకుండానే.

సున్నాకి కింద అని వేరే చెప్పుకునే అలవాటు ఆ ఊళ్ళో అక్టోబరు దాటాక ఎవరికీ ఉండదు. ఫారెన్‌హీట్‌లో ఇరవై కంటే కిందకి పోతే విమానం బయటికి తీయకూడదని మొగుడూ పెళ్ళాం ఏనాడో గీత గీసుకున్నారు. ఇవాళ చలి సరిగ్గా ఆ గీత మీద వచ్చి కూర్చుంది.

ఇంకో రోజైతే ఆర్విడ్ వద్దనేవాడే. ఈ ప్రయాణం మాత్రం ఎప్పుడో నిశ్చయమైపోయింది. రెండేళ్ళ కింద అతని గుండె మొరాయించింది. విమానం ఎక్కకూడదనీ, చలిగాలి పీల్చకూడదనీ డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. థెల్మా చేతివేళ్ళు కీళ్ళ నొప్పులతో కొంకర్లు పోతున్నాయి. వాళ్ళ పసుపు రంగు బుల్లి విమానాన్ని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పిల్లలకి ఎగరడం నేర్పే బడికి ఇచ్చేద్దామని ఈ శరదృతువులో ఇద్దరూ అనుకున్నారు. అక్కడిదాకా నడిపి అప్పగించి రావడం థెల్మా పని. అదే ఆ విమానంతో ఆమె చివరి ప్రయాణం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పక్కింటి ఆంబ్రోస్‌కీ సొంత విమానం ఉంది. తన కరెంటు హీటర్ పెట్టి ఇంజన్ వెచ్చబెడతానని ముందు రోజే అడిగాడు. ఆమె వద్దంది. చివరిసారి పాత పద్ధతిలోనే వెచ్చబెడతానంది. ఆంటీ మొండితనం తెలిసినవాడు కాబట్టి ఆంబ్రోస్ నవ్వి ఊరుకున్నాడు.

పాత పద్ధతి అంటే, విమానం ముక్కు మీద నుంచి మంచు దాకా దిగే మందపాటి బొంతను గుడారంలా కప్పి, లోపల కిరసనాయిలు పొయ్యి వెలిగించి కూర్చోవడమే. నిప్పు అంటుకోకుండా ఎవరో ఒకరు ఆ పొయ్యికి కాపలా ఉండాలి. గాలి ఆడటానికి బొంత మూల ఒకటి ఎత్తి ఉంచాలి. మనిషికి ఆ లోపల వెన్న కరిగినట్టు హాయిగా ఉంటుంది. బయట ప్రపంచమంతా గడ్డకట్టి ఉంటే ఆ నాలుగడుగుల మేర మాత్రం ఎండాకాలం. ఆ బొంత కుట్టింది థెల్మాయే, పెళ్ళికి ముందు, పాత నిద్రసంచులు విప్పి. దాని కింది అంచున అరచేయంత ఎర్రగుడ్డ అతుకు ఉంది.

ఆ అతుకు వెనక ముప్పై ఏళ్ళ తగాదా ఉంది. పెళ్ళి మాట ముందు ఎవరెత్తారన్నది తగాదా. ఆ గుడారంలోనే, వాళ్ళ మొదటి చలికాలంలో, ఇంజన్ వేడెక్కేదాకా కూర్చుని మాట్లాడుకుంటుండగా పొయ్యి పక్కకి ఒరిగి బొంత కాలింది. థెల్మా అడిగిందని, ఆ అడగడానికి హడలి తను పొయ్యిని తన్నుకున్నానని ఆర్విడ్ వాదన. అడగడానికి ధైర్యం చాలక అతనే కాళ్ళాడించుకుంటూ పొయ్యిని తన్ని, ఆ కంగారులో అడిగేశాడని థెల్మా వాదన. ఊళ్ళో ప్రతి విందులోనూ ఈ పంచాయితీ నడిచేది. జనం రెండు జట్లుగా చీలిపోయి సాల్మన్ చేప ముక్కలు నములుతూ తీర్పులిచ్చేవాళ్ళు. థెల్మా ఒక్కసారి కూడా తగ్గలేదు.

ఇవాళ ఒంటరిగా ఆ పొయ్యి ముందు కూర్చుంటే ఆమెకి లెక్కలు నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. సెల్సియస్ అంకెను రెట్టింపు చెయ్యి, అందులో పదో వంతు తగ్గించు, ముప్పై రెండు కలుపు. అంతే కదా అంది అప్పట్లో. తీరా సున్నాకి కింద ఇరవై అని ఇస్తే, రెట్టింపు నలభై, పదో వంతు నాలుగు, కలిపి నలభై నాలుగు అని ఇంకా చలిలోకి తీసుకుపోయింది. ఆర్విడ్ కడుపుబ్బ నవ్వాడు. చలి ఎంత ఉన్నా సరే, పదో వంతు ఎప్పుడూ పొయ్యి వైపే జరగాలని, తన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని మంట వైపు జరిపి చూపించాడు. నలభై కాస్తా ముప్పై ఆరైంది, ముప్పై రెండు కలిపితే సున్నాకి కింద నాలుగు. ఆ తర్వాత ఆమె ఎన్నడూ తప్పలేదు. అతను చెయ్యి మాత్రం చాలాసేపటిదాకా వదల్లేదు.

వాళ్ళ పెళ్ళినాడు సున్నాకి కింద నలభై. ఆ ఒక్క అంకె దగ్గర రెండు కొలతలూ ఒకటే. మొగుడూ పెళ్ళాం ఒక్క మాట మీద నిలబడ్డ రోజు అదొక్కటేనని పెళ్ళి చేసిన పాస్టరు చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు.

అలా తలుచుకుంటూ ఉండగానే ఇంజన్ వేడెక్కింది. వెచ్చని నూనె పోసింది. ఆర్విడ్ అయితే ఇప్పుడు పొగగొట్టం మీది తొడుగు విప్పి, టార్చి వేసి చుట్టూ చూసేవాడు. ఆ తొడుగులో వేడెక్కిన గాలే గొట్టంలోంచి లోపలికి వచ్చి నడిపేవాళ్ళ కాళ్ళను వెచ్చగా ఉంచుతుంది. లోపలి గొట్టం పగిలితే ఇంజన్ పొగ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఆ పొగలోని విషానికి వాసన లేదు, రంగు లేదు. థెల్మా వేళ్ళకి ఆ తొడుగు మరలు లొంగలేదు. పైనుంచి టార్చి వేసి చూసింది, బాగానే ఉన్నట్టు కనబడింది. బొంత మడిచి వెనక సీట్లో కుక్కి, చేతిరేడియోని కోటు లోపల పెట్టుకుని ఎక్కేసింది.

"తొడుగు చూశావా?" అని రేడియోలో ఆర్విడ్ అడిగాడు.

"చూశాను," అంది. చూసిన మాట నిజమే.

చక్రాల బదులు బిగించిన స్కీల మీద మంచును రాసుకుంటూ విమానం లేచింది. అక్కడి చలికాలానికి ఓ తిక్క ఉంది. చలి నేలను కరుచుకుని పడుకుంటుంది, పైకి పోయేకొద్దీ వెచ్చబడుతుంది. నది కింద తెల్లటి తాడులా మెలికలు తిరుగుతుంటే రెక్క మొదట్లోని థర్మామీటర్ ముల్లు పదహారుకి వచ్చింది. ఆ థర్మామీటర్ బిగించింది ఆర్విడ్ కాబట్టి అది సెల్సియస్‌లోనే చెబుతుంది. ఆమె తొడుగులోని వేడిగాలిని లోపలికి వదిలే హీటర్ మీట పూర్తిగా లాగి కాళ్ళు చాపుకుంది.

ఆ చుట్టుపక్కల ఎగిరేవాళ్ళకి ఓ కట్టుబాటు ఉంది. చలికాలంలో గాల్లో ఉన్నవాళ్ళను కింద ఉన్నవాళ్ళు మధ్యమధ్య రేడియోలో పిలిచి "ఎంత?" అని అడగాలి. పైనున్నవాళ్ళు థర్మామీటర్ చూసి, రెండో కొలతలోకి మనసులోనే మార్చి చెప్పాలి. ఒకప్పుడు డ్వేన్ అనే మంచి పైలట్ హీటర్‌లోంచి వచ్చిన పొగకి కునుకు పట్టినట్టై, తేటగా ఉన్న ఆకాశంలోంచి తిన్నగా కొండకి వెళ్ళి కొట్టుకున్నాడు. ఆ పొగ ముందు లెక్కను తింటుందని, తర్వాతే మనిషిని తింటుందని ఆర్విడ్ అందరికీ చెప్పి ఈ పద్ధతి పెట్టించాడు. లెక్క తప్పితే హీటర్ ఆపాలి, కిటికీ తెరవాలి, వెంటనే దిగాలి.

"ఎంత?" అని అడిగాడు ఆర్విడ్.

"పదహారు. మూడు," అంది థెల్మా. ఈసారి సున్నాకి పైన మూడు.

లెక్క సరిపోయింది. ఆమెకి ఆ వెచ్చదనం బాగుంది. కణతల దగ్గర కొంచెం బిగువుగా ఉన్నా అది కళ్ళజోడు వల్ల అనుకుంది. కింద నది మలుపులన్నీ పాత స్నేహితుల్లా పలకరిస్తున్నాయి. అదిగో ఆ ఇసుకమేట మీదే ఆర్విడ్ మొట్టమొదటిసారి ఆమెను ఒంటరిగా దింపించాడు. ఆమె దిగగానే అరవలేదు, పొగడలేదు, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు, ఆమెనే చూస్తూ సగం మంచు మీద ఒలకబోశాడు. ఆ మలుపులోనే దుప్పి మాంసం బస్తాలు ఎక్కువై విమానం లేవనంటే ఇద్దరూ బస్తాల మీద కూర్చుని పకపకా నవ్వారు. ఎంత మంచి రోజులో. ఎందుకో ఇవాళ ప్రతి ఒక్కటీ నిన్నమొన్న జరిగినట్టు, చెయ్యి చాపితే అందేట్టు ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిద్ర వచ్చే ముందు ఉండే హాయిలాంటిది ఒళ్ళంతా పాకింది.

మళ్ళీ "ఎంత?" అని వినబడింది.

"పదహారు. మూడు," అంది మళ్ళీ.

అక్కడే వచ్చింది చిక్కు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే కాఫీతోపాటు అదే లెక్క చేసి చేసి ఆమెకి ప్రతి డిగ్రీకీ జవాబు కంఠతా వచ్చేసింది. పదహారంటే నోరు తనంతట తనే మూడు అంటుంది. రెట్టింపు, పదో వంతు, ముప్పై రెండు అనే మెట్లు ఆమె ఎక్కి ఎన్నాళ్ళయిందో. కొత్తవాళ్ళను కాపాడే లెక్క ఆరితేరిన మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకూ పనికిరాలేదు. ఆర్విడ్‌కి కూడా అది తట్టలేదు. సరైన జవాబు విని నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలాడు.

అప్పుడు థెల్మా అడక్కుండానే మాట్లాడింది.

"ఆర్విడ్, ఓ మాట చెప్పనా. ఆ రోజు గుడారంలో ముందు అడిగింది నేనేలే. నువ్వు చెప్పిందే నిజం."

ఆ మాట ఆర్విడ్ ఒక్కడికే కాదు, ఆ సమయానికి రేడియో పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ వినబడింది. విన్నవాళ్ళు నవ్వుకుని ఉంటారు. ఆర్విడ్‌కి మాత్రం నవ్వు రాలేదు. తన పెళ్ళాం సంగతి అతనికి తెలుసు. పళ్ళు ఊడినా ఒప్పుకోదు, పాడె ఎక్కినా ఒప్పుకోదు.

"థెల్మా," అన్నాడు, గొంతు మామూలుగా ఉంచుకుంటూ. "ఆ మూడుని వెనక్కి తీసుకురా."

"ఎక్కడికి?"

"ఫారెన్‌హీట్ మూడు. సెల్సియస్‌లోకి తీసుకురా. మెట్టు మెట్టుగా చెప్పు."

వెనక్కి తేవడమూ అతను ఆ గుడారంలోనే నేర్పాడు. ముప్పై రెండు తీసెయ్యి, సగం చెయ్యి, పదో వంతు చేర్చు. ఇంట్లో వాడకం లేదు కాబట్టి అది కంఠతా రాలేదు, చేసి చెప్పాల్సిందే. థెల్మా మూడులోంచి ముప్పై రెండు తీయబోయింది. మూడు దొరికింది. ముప్పై రెండు దొరికింది. రెండూ కలిసి ఒకచోట నిలబడటం లేదు. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది. ఆమెకి నవ్వొచ్చింది.

"తర్వాత చెప్తానులే," అంది. "ఇక్కడ ఎంత బాగుందో తెలుసా."

"హీటర్ ఆపు. కిటికీ తెరువు. ఇప్పుడే."

"చలేస్తుంది ఆర్విడ్."

"నేను అడుగుతున్నాను థెల్మా. ఇంతకాలం నిన్ను ఏదీ గట్టిగా అడగలేదు. కిటికీ తెరువు."

అతని గొంతు పగిలింది. ఆ గొంతు అలా పగలడం ఆమె జీవితంలో విన్నది రెండుసార్లే, అందులో మొదటిది వాళ్ళ పిల్ల పుట్టి బతకనప్పుడు. లెక్క అర్థం కాని తలకి అది అర్థమైంది. మీట తోసేసింది. కిటికీ గడియ కొంకర్లు పోయిన వేళ్ళకి ఒక పట్టాన రాలేదు, మోచేత్తో పొడిచింది. చలి లోపలికి విరుచుకుపడి ముఖం మీద చెంపదెబ్బ కొట్టింది. కళ్ళలో నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి. అప్పుడు తెలిసింది ఆమెకి తల ఎంత నొప్పిగా ఉందో, చేతులు ఎంత దూరంగా ఉన్నాయో.

ఆర్విడ్ చెబుతూ పోయాడు, ఆమె చేస్తూ పోయింది. ముందున్న పొడవాటి మలుపు, ఎడమ ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే గుడిసె, దాని ముందు చదునైన మంచు. ఇంజన్ తగ్గించు. ముక్కు దించు. విమానం చెట్ల కిందికి దిగేసరికి కొండ అడ్డమొచ్చి అతని మాట తెగిపోయింది. చివరి వంద అడుగులూ ఆమె ఒక్కతే చూసుకుంది. స్కీలు ఓసారి ఎగిరి, మళ్ళీ తగిలి, నిలిచాయి.

దిగి మంచులో మోకాళ్ళ మీద కూలబడింది. వాంతి అయింది. తర్వాత చాలాసేపు గాలి పీల్చడం తప్ప ఏమీ చేయలేదు. కొంత ఓపిక వచ్చాక పాకుతున్నట్టే వెళ్ళి, అలవాటు కొద్దీ బొంత తీసి ఇంజన్ మీద కప్పి, అంచు కిందకి లాక్కుని దానికి ఆనుకుని కూర్చుంది. మూల ఎత్తి ఉంచడం మరిచిపోలేదు.

కళ్ళెదురుగా ఎర్రగుడ్డ అతుకు ఉంది.

ఆ పొగే తనకి పాత రోజులన్నీ అంత తియ్యగా చూపించిందా అని ఆమెకి భయమేసింది. తల తేటపడేకొద్దీ ఒక్కొక్కటే మళ్ళీ తీసి చూసుకుంది. ఇసుకమేట ఉంది. మంచు మీద పడ్డ కాఫీ ఉంది. దుప్పి మాంసం బస్తాలు ఉన్నాయి. దేని రంగూ వెలిసిపోలేదు. గుడారంలో అడిగింది తనే, అదీ ఉంది. ఈ లెక్కలు నేర్చుకోవడానికి జన్మంతా పట్టేట్టుంది, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని సూటిగా అడిగింది. అతను అదిరిపడి పొయ్యిని తన్నాడు. ఇన్నేళ్ళూ అబద్ధమాడి అతన్ని ఊరందరి ముందూ ఏడిపించింది. ఎంత మంచివాడు, ఒక్కసారి కూడా కోప్పడలేదు. ఇంటికెళ్ళి అతని ఒళ్ళో తల పెట్టుకుని ఈసారి తెలివిలో నిజం ఒప్పేసుకోవాలని, గుండెజబ్బు మనిషికి ఆ ఒక్క గెలుపైనా ఇవ్వాలని ఆమె గట్టిగా అనుకుంది.

ఆర్విడ్ పంపిన ఆంబ్రోస్‌కి ఇంజన్ వెచ్చబెట్టుకుని బయల్దేరడానికి సమయం పట్టింది. అతని విమానం మలుపు దాటి కనబడ్డాక థెల్మా కోటులోంచి రేడియో తీసింది. కింద ఉన్న ఆమె గొంతు ఆర్విడ్‌ని చేరదు, పైనున్న ఆంబ్రోస్ ఇద్దరితోనూ మాట్లాడగలడు.

"ఆంటీ, బాగున్నారా? అంకుల్ అడుగుతున్నారు, ఫారెన్‌హీట్ సున్నాకి కింద పద్దెనిమిది. వెనక్కి తెమ్మంటున్నారు. మెట్టు మెట్టుగా."

"ముప్పై రెండు తీస్తే యాభై. సగం ఇరవై అయిదు. పదో వంతు చేరిస్తే ఇరవై ఏడున్నర. సరిగ్గా చేస్తే ఇరవై ఎనిమిదికి దగ్గర. ఆయన లెక్క ఎప్పుడూ కొంచెం ఓరగానే ఉంటుందని చెప్పు."

ఆంబ్రోస్ నవ్వుతూ అది ఆర్విడ్‌కి చేరవేశాడు. ఓ చుట్టు తిరిగాడు. మళ్ళీ రేడియోలోకి వచ్చేసరికి మాట నసిగాడు.

"ఆంటీ, అంకుల్‌కి అది చాలట్లేదు. ఇంకోటి అడగమంటున్నారు. నాకు సిగ్గుగా ఉంది."

"అడుగు."

"ఆ రోజు గుడారంలో ముందు అడిగింది ఎవరని."

థెల్మా ఎర్రగుడ్డ అతుకు వైపు చూసింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ కిటికీ దగ్గర, దుప్పటి కప్పుకుని, రేడియోని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్న మనిషి ఆమె కళ్ళకి కట్టాడు. అతను ఏ జవాబు కోసం ఊపిరి బిగబట్టుకున్నాడో ఆమెకి తెలిసింది.

"ఆ ముసలాడికి చెప్పు," అంది. "అడిగింది నువ్వే అని చెప్పు. నా బొంత కాల్చింది కూడా నువ్వే అని చెప్పు."

ఆంబ్రోస్ చెప్పాడు. అతని విమానం నది మీద ఇంకో చుట్టు తిరిగింది.

"ఏమన్నాడు?" అని అడిగింది థెల్మా.

"ఆంటీ, ఏడుస్తున్నట్టున్నారు. ఇప్పుడు అంటున్నారు, బాగానే ఉంది, ఇంటికి తీసుకురా అని."

ఆంబ్రోస్ దిగి, తొడుగు విప్పి, టార్చి వెలుగులో పొగగొట్టం అడుగున వెంట్రుకంత చీలిక చూపించాడు. ఆమె చూసి తలూపింది. విమానాన్ని ఒడ్డున చెట్టుకి కట్టి, బొంత మాత్రం మడిచి చంకలో పెట్టుకుని ఆంబ్రోస్ వెనక సీట్లో ఎక్కింది. ఆ నిజం ఇక ఈ జన్మలో ఆర్విడ్ దగ్గర ఒప్పుకోవడానికి వీల్లేదని, ఒప్పుకుంటే మళ్ళీ పొగ తలకెక్కిందనుకుని ఆ క్షణమే కిటికీలన్నీ తెరిచి తనను చలిలో కూర్చోబెడతాడని ఆమెకి అర్థమైంది. ఇల్లు చేరేదాకా అదే తలుచుకుని నవ్వుకుంటూ, ఏడుస్తూ ఉంది.